అమ్మలూ, చిప్పుని తిట్టకు

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్ పెట్టేశాక, నువ్వు పంపిన ఫొటోలు కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాను. నీ లైపోజోమ్‌లు, అంటే కొవ్వు లాంటి లిపిడ్‌తో కట్టే మందు బుడగలు, మొదటి రోజు 95 నానోమీటర్లు, పీడీఐ (సైజుల్లో తేడా ఎంతుందో చెప్పే అంకె) 0.11. మూడో రోజుకి 180. పదో రోజుకి సీసా అడుగున తెల్లటి మడ్డి. దీనికి నువ్వు చెప్పిన తీర్పు ఏమిటంటే, సన్నటి కాలువల్లో ఆ బుడగలు కట్టే చిప్పు బాగోలేదు, గైడ్ గారిని అడిగి వేరే చిప్పు కొనిపిస్తాను అని. ఆగు. 95, 0.11 తెచ్చిపెట్టిన చిప్పు బాగోలేకపోవడం ఏమిటే? దాని పని అది శుభ్రంగా చేసి ఇచ్చింది. నీ లిపిడ్ ఆ చిప్పులో ఉన్నది సెకనులో చిన్న ముక్క సేపు, మిగతా పది రోజులూ ఉన్నది నీ దగ్గరే. తప్పు వెతికితే ఆ పది రోజుల్లో వెతకాలి, లేదంటే చిప్పులోకి ఎక్కించడానికి ముందు గంటలో వెతకాలి.

ముందు నాకు ఒక్కటి చెప్పు. చిప్పు నుంచి పట్టుకున్న సీసాని ఆ సాయంత్రమే అందులోని ఇథనాల్ పోగొట్టే డయాలసిస్ సంచీలో వేశావా, లేక శ్రీకాకుళం బస్సు వెళ్లిపోతుందని ఫ్రిజ్‌లో పెట్టేసి మర్నాడు పొద్దున్న వేశావా? నువ్వు ఫోన్‌లో ఆ ముక్క దగ్గర గొంతు తగ్గించావు. నాకు వినపడింది. దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు మొదటి నుంచీ రానీ.

ఈ పని చిన్నది అనుకోకు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు మన వీధిలో వాళ్లు కూడా ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం విశాఖపట్నం అంతా తిరిగారు, గుర్తుందా? ఆ మందు మామూలు రూపంలో ఎప్పటి నుంచో ఉంది, అయినా డాక్టర్లు లైపోజోమ్‌ది తెమ్మని ఎందుకు పట్టుబట్టారంటే, మామూలుది కిడ్నీల్ని గట్టిగా దెబ్బతీస్తుంది. ఉద్దానం పక్కన పుట్టినదానివి, కిడ్నీ పోతే ఇల్లు ఏమవుతుందో నీకు నేను చెప్పాలా. అదే మందుని లిపిడ్ బుడగలో పెట్టేసరికి కిడ్నీల మీద దెబ్బ బాగా తగ్గింది. ఆ సీసా మీద ఒక హెచ్చరిక కూడా ఉంటుంది, సెలైన్ కలపొద్దు, పొడిని ఇంజెక్షన్ నీళ్లతోనే కలిపి, డెక్స్‌ట్రోజ్‌లోనే పలచన చెయ్యాలి అని. ఎందుకో ఆలోచించు. ఆ బుడగలకి పైన రుణావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. ఉప్పు తగిలితే ఆ నెట్టుడు తగ్గిపోతుంది, ముద్ద కట్టే ప్రమాదం వస్తుంది. నిలకడ అంటే ఇదీ, బుడగ తయారవడం ఒక సంగతి, ఉన్నచోట ఉన్నట్టు ఉండడం ఇంకో సంగతి.

ఇప్పుడు చిప్పు లోపల ఏం జరుగుతోందో ఒకసారి కళ్లకి కట్టేలా అనుకో. ఒక పక్క నుంచి ఇథనాల్‌లో కరిగిన లిపిడ్, ఇంకో పక్క నుంచి బఫర్, అంటే పీహెచ్ నిలకడగా ఉంచే నీళ్ల ద్రావణం. కాలువ వెంట్రుక మందాన ఉంటుంది కాబట్టి అందులో సుడులు రావు, రెండు ధారలూ పక్కపక్కనే నడుస్తాయి, హద్దు దగ్గర మాత్రం ఇథనాల్ అణువులు నీళ్లలోకి, నీళ్లు ఇథనాల్‌లోకి పాకుతాయి. ఇథనాల్ పలచబడే కొద్దీ లిపిడ్‌కి నిలువ నీడ ఉండదు, నీళ్లంటే పడని తన తోకలు నీళ్లకి తగలకుండా దాచుకోవడానికి ముందు చిన్న చిన్న బిళ్లల్లా చేరతాయి, ఆ బిళ్ల పెరిగి అంచులు నీళ్లకి తగలడం భరించలేక వంగి మూసుకుని బుడగ అవుతుంది. ఇథనాల్ ఎంత బేగి పలచబడితే బిళ్ల పెరగడానికి అంత తక్కువ టైము, బుడగ అంత చిన్నది. అంతే, సైజు వెనక ఉన్న రహస్యం ఇంతకన్నా లేదు. పాకడానికి పట్టే టైము వెడల్పుకి వర్గంగా ఉంటుంది కాబట్టి ధార వెడల్పు సగం చేస్తే టైము నాలుగో వంతు అవుతుంది. అందుకే 2004లో అమెరికా ప్రభుత్వ కొలతల సంస్థ నిస్ట్ వాళ్లు లిపిడ్ ధారని మధ్యలో పెట్టి రెండు వైపుల నుంచీ బఫర్‌తో నొక్కి సన్నం చేసి లైపోజోమ్‌లు తీశారు. మీ లాబ్‌లో ఉన్న చిప్పు ఇంకో రకం, అడుగున చేపముల్లులా ఏటవాలు గాడులు ఉంటాయి చూడు, వాటి వల్ల ధార మెలికలు తిరుగుతూ తన మీద తానే మడతపడుతుంది. 2002లో హార్వర్డ్ వాళ్లు చూపించిన ఉపాయం అది. మన భీమిలి, కళింగపట్నం జాలర్లకి చూపిస్తే వెంటనే పేరు పెట్టేస్తారు.

నీ చేతిలో ఉన్న మీటలు రెండు. బఫర్‌కీ ఇథనాల్‌కీ ఉన్న నిష్పత్తి, మొత్తం వేగం. నువ్వు 3:1 పెట్టావు, నిమిషానికి మొత్తం 12 మిల్లీలీటర్లు, అంటే బఫర్ 9, ఇథనాల్ 3. మొదలుపెట్టడానికి సరైన అంకెలే. నిష్పత్తి 5:1 చేస్తే సైజు ఇంకాస్త తగ్గవచ్చు, లిపిడ్ కూడా పలచబడుతుంది. ఒక హద్దు దాటాక ఎంత తిప్పినా సైజు తగ్గదు, లిపిడ్ రకాన్ని బట్టి ఒక కనీస సైజు ఉంటుంది, అక్కడ ఆగిపోతుంది. చాలామంది పిల్లలు ఈ రెండు మీటలూ తిప్పుతూ ఆరు నెలలు గడిపేసి, థీసిస్‌లో రంగురంగుల గ్రాఫులు పెడతారు. 30వ రోజు సైజు ఎంత అని వైవాలో అడిగితే నీళ్లు నములుతారు.

పొందూరు ఎప్పుడైనా వెళ్లావా? అక్కడ సన్న ఖద్దరుకి దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. మగ్గం దగ్గరికి రాకముందే, రాట్నం దగ్గరికి కూడా రాకముందే, ఆ దువ్వడం దగ్గరే నూలు ఎంత సన్నం వస్తుందో తేలిపోతుంది. నీ మగ్గం చిప్పు అనుకుంటే, నీ దూది ఇథనాల్‌లో లిపిడ్. అక్కడికి వద్దాం.

నువ్వు వాడింది హెచ్‌ఎస్‌పీసీ. అంటే సోయా లెసిథిన్‌ని హైడ్రోజన్‌తో నింపేసినది. సోయా నూనెకీ డాల్డాకీ ఉన్న తేడానే దీనికీ ఉంది, నూనె చలికాలంలో కూడా జారుతుంది, డాల్డా గరిటెతో తీయాలి. హెచ్‌ఎస్‌పీసీ సుమారు 52 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, దాని చుట్టాలైన లిపిడ్లు డీఎస్‌పీసీ 55 దగ్గర, డీపీపీసీ 41 దగ్గర. ఆ కిందకి వస్తే తోకలు బిగుసుకుంటాయి. బిగుసుకున్న పొరలోంచి మందు కారదు కాబట్టే ఈ లిపిడ్ ఎంచుకుంటాం, కానీ బుడగ కట్టేటప్పుడు మాత్రం అది మెత్తగా ఉండాలి. మీ లాబ్‌లో ఏసీ 22. ఇథనాల్ స్టాక్‌ని నువ్వు 60 డిగ్రీల నీళ్లలో పెట్టి కరిగించావు, బాగుంది. తర్వాత సిరంజిలోకి పీల్చి, పంపులో బిగించి, ట్యూబు కలిపి, గాలి బుడగలు తీసి, ప్రోగ్రాం కొట్టే సరికి ఎంతసేపు పట్టింది? పది నిమిషాలైనా పట్టి ఉంటుంది. అప్పటికి సిరంజి చల్లారిపోయింది. చల్లటి ఇథనాల్‌లో హెచ్‌ఎస్‌పీసీ సరిగ్గా కరగదు, నువ్వు దానితో కలిపిన కొలెస్ట్రాల్ కూడా మొండికేస్తుంది. కంటికి కనపడనంత సన్నటి పలుకులు ట్యూబులోనే పడిపోతాయి. చిప్పులోకి వెళ్లింది నువ్వు తూచిన నిష్పత్తి కానే కాదన్నమాట. నీ మడ్డిలో సగం పాపం ఇక్కడే ఉందని నా అనుమానం.

కాబట్టి సిరంజికి వేడి చుట్టు చుట్టు, చిప్పుకి వేడి పలక పెట్టు, బఫర్‌ని కూడా అదే వేడికి తీసుకురా. వేడి చుట్టు లేదంటే అక్వేరియం హీటరు, సిలికాన్ ట్యూబుతో వేడినీళ్లు తిప్పే జాకెట్ ఒకటి మెకానికల్ వాళ్లతో చేయించుకో, మేము అలాగే మొదలుపెట్టాం. దగ్గరలో మంట మాత్రం ఉండకూడదు, అది ఇథనాల్. వేడి చెయ్యడం కుదరదంటే ఇంకో దారి, మొదటి నెల గుడ్డు లెసిథిన్‌తోనో డీఎంపీసీతోనో చెయ్యి, డీఎంపీసీ 24 దగ్గరే మెత్తబడుతుంది. చెయ్యి కుదిరాక హెచ్‌ఎస్‌పీసీకి రా. గుడ్డు లెసిథిన్‌కి తోకల్లో ద్విబంధాలు ఉంటాయి కాబట్టి గాలి తగిలితే వేరుశనగ నూనె కనరెక్కినట్టు ఎక్కుతుంది, సీసా మూసే ముందు నైట్రోజన్ ఊదు.

తూకం దగ్గర ఇంకో గోతి ఉంది. నీ నోట్‌బుక్ ఫొటోలో 56:38:5 అని రాసుకున్నావు. అది లైపోజోమ్‌లో పెట్టిన క్యాన్సర్ మందు డాక్సిల్ నిష్పత్తి, మోల్స్‌లో, అంటే అణువుల లెక్కలో. 1995లో అమెరికాలో అనుమతి వచ్చిన మొదటి నానో మందు అదే కాబట్టి అందరం దాన్నే కాపీ కొడతాం, తప్పేమీ లేదు. బరువులో అయితే అది సుమారు 3:1:1 అవుతుంది, మిల్లీలీటరుకి హెచ్‌ఎస్‌పీసీ 9.58 మిల్లీగ్రాములు, కొలెస్ట్రాల్ 3.19, పెగ్ లిపిడ్ (పెగ్ అనే పొడవాటి పాలిమర్ తగిలించిన లిపిడ్) 3.19. కొలెస్ట్రాల్ అణువు చిన్నది, పెగ్ తోక ఉన్నది పెద్దది, అందుకే అంకెలు అలా తారుమారవుతాయి. నా చేతికింద ఒక కుర్రాడు 56, 38, 5 మిల్లీగ్రాములు తూచి మూడు వారాలు పనిచేశాడు. వాడి బుడగల్లో ఉండాల్సినదానికన్నా కొలెస్ట్రాల్ ఎక్కువైపోయింది, పెగ్ ఒక శాతం దగ్గరికి పడిపోయింది, రోజూ పలుకులు తేలేవి. పాపం వాడు కూడా చిప్పునే తిట్టాడు. నువ్వు ఎలా తూచావో నాకు చెప్పలేదు. ఒకసారి చూసుకో.

లిపిడ్ సీసాని మైనస్ 20 నుంచి తీసి వెంటనే మూత తియ్యకు. మన సముద్రపు గాలికి ఏసీ గదిలో కూడా తేమ ఉంటుంది, చల్లటి సీసా తెరవగానే లోపలి పొడి ఆ తేమని పీల్చేసుకుంటుంది. అరగంట, ముప్పావుగంట బయట పెట్టి, సీసా పైన చెమట ఆరాక తెరువు. తేమ తాగిన లిపిడ్ తూకం అబద్ధం చెబుతుంది, పైగా నిలవలో నీరు దాన్ని విరిచేస్తుంది కూడా.

నడిపే పద్ధతి చెబుతాను, ఇది బేగి అయిపోతుంది. బఫర్‌నీ లిపిడ్ ద్రావణాన్నీ చిప్పు ముందు వడకట్టు, ఒక్క దుమ్ము రేణువు చాలు కాలువ మూసుకుపోవడానికి. బఫర్‌లో గాలి తీసెయ్యి. ఇథనాల్, నీళ్లు కలిసినప్పుడు వేడి పుడుతుంది, కరిగి ఉన్న గాలి బుడగలై బయటికొస్తుంది, ఆ బుడగ చేపముల్లు మధ్యలో కూర్చుందంటే నిష్పత్తి ఊగిపోతుంది. బఫర్ పంపు ముందు మొదలుపెట్టు, తర్వాత లిపిడ్. ఆపేటప్పుడు లిపిడ్ ముందు ఆపు. మొదట వచ్చే కొన్ని చుక్కలూ చివర వచ్చేవీ పారబొయ్యి, అప్పటికి ధార స్థిరపడి ఉండదు. ఆ 12 మిల్లీలీటర్ల వేగంలో నాలుగు మిల్లీలీటర్ల బ్యాచ్ 20 సెకన్లలో అయిపోతుంది కాబట్టి పట్టుకునే సీసా ముందే చేతిలో ఉండాలి. పంపులో సిరంజి వ్యాసం తప్పు కొడితే వేగాలన్నీ తప్పే, ఇది నేనూ చేశాను, ఒకసారి కాదు. ప్లాస్టిక్ సిరంజి రబ్బరుకి సిలికాన్ నూనె ఉంటుంది, అది సైజు కొలిచే డీఎల్‌ఎస్ మెషీన్‌లో పెద్ద రేణువుల్లా కనపడి బెంగ పెడుతుంది, గాజు సిరంజి వాడు.

కడిగేటప్పుడు ఒక్కటి మర్చిపోకు. ఫాస్ఫేట్ బఫర్ నడిచిన కాలువలోకి నేరుగా ఇథనాల్ పంపితే ఉప్పు పలుకులు పడి చిప్పు మూసుకుపోతుంది. ముందు మంచినీళ్లు, తర్వాత ఇథనాల్, మళ్లీ నీళ్లు. నువ్వు మీ పాత చిప్పు బ్లాక్ అయింది అన్నావు కదా, నాకు తెలిసి చిప్పులు చచ్చేది ఎక్కువగా ఇలాగే. క్లోరోఫాం మాత్రం పీడీఎంఎస్ (సిలికాన్ రబ్బరు) చిప్పు దగ్గరికి రానియ్యకు, ఉబ్బిపోతుంది.

సరే, ఇప్పుడు ఆ రాత్రి సంగతి.

3:1 నిష్పత్తితో బయటికొచ్చిన సీసాలో నాలుగో వంతు ఇథనాలే. బుడగ చుట్టూ అంత ఇథనాల్ ఉంటే పొర బిగుసుకోదు, లిపిడ్ అణువులు ఒక బుడగ వదిలి ఇంకో బుడగకి పోతుంటాయి, రెండు బుడగలు తగిలితే కలిసిపోతాయి. ఇథనాల్ కొన్నిచోట్ల పొరలో లిపిడ్ తలల దగ్గర దూరి, రెండు వరసల తోకలూ రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు అల్లుకుపోయేలా చేస్తుంది, ముఖ్యంగా నీ హెచ్‌ఎస్‌పీసీ లాంటి నిండు తోకలకి. అలా అయిన పొర సాఫీగా ఉండదు, వంపు తిరగడానికి ఇష్టపడదు. చిప్పు సెకనులో పదో వంతు కూడా పట్టకుండా కట్టిన చక్కటి 95ని ఫ్రిజ్‌లో ఒక రాత్రి కూర్చోబెట్టి నువ్వే పెంచావు. కోప్పడట్లేదు. నేనూ ఇలాగే చేశాను, పైడిభీమవరం కంపెనీలో చేరిన కొత్తలో, విజయనగరం బస్సు ఆరున్నరకి, ఆ తర్వాతది ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. మర్నాడు పొద్దున్న సీసాలో గంజి కనపడింది.

చెయ్యాల్సింది ఇది. చిప్పు నుంచి వచ్చే గొట్టాన్ని ఖాళీ సీసాలోకి వదలకు, మెల్లగా తిరుగుతున్న బఫర్‌లోకే వదులు. నాలుగు మిల్లీలీటర్లు 12 మిల్లీలీటర్ల బఫర్‌లో పడితే ఇథనాల్ 25 శాతం నుంచి ఆరు చిల్లరకి దిగిపోతుంది, అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. లిపిడ్ కూడా నాలుగో వంతుకి పలచబడుతుంది, ముందే లెక్క వేసుకో, ఇథనాల్‌లో 10 మిల్లీగ్రాములు పెట్టావంటే చివరికి మిల్లీలీటరుకి 0.6 చిల్లరే మిగులుతుంది. కావాలంటే 20 పెట్టు, వేడి సరిగ్గా నిలబెట్టగలిగితేనే సుమా. ఆ వెంటనే, అదే రోజు, డయాలసిస్ సంచీలోకి. బయట బఫర్ కనీసం వంద రెట్లు, రెండు గంటలకొకసారి మార్చు, మూడో మార్పు రాత్రికి వదిలెయ్యి. సంచీ లోపలి బఫర్, బయటి బఫర్ ఓస్మోలారిటీ, అంటే కరిగి ఉన్న కణాల చిక్కదనం, దగ్గరదగ్గరగా ఉండాలి, లేకపోతే బుడగలు ఉబ్బో ముడుచుకునో పోతాయి. ఇథనాల్ మిగిలినది గ్యాస్ క్రోమటోగ్రఫీలో చూపించు, మందుల్లో మామూలుగా 5000 పీపీఎం, అంటే అర శాతం హద్దు. మీ కాలేజీలో జీసీ లేకపోతే విశాఖపట్నంలో చేయించుకో, ఆ ఒక్క అంకె థీసిస్‌లో ఉంటే ఎగ్జామినర్ నిన్ను వేరేగా చూస్తాడు.

ఆ 180 కూడా పూర్తిగా నిజమో కాదో అని నాకో అనుమానం. డయాలసిస్ పూర్తవకుండానే డీఎల్‌ఎస్ పెట్టావా? ఇథనాల్, నీళ్లు కలిసిన ద్రవం రెండింటికన్నా చిక్కగా ఉంటుంది. మెషీన్‌లో నువ్వు మామూలు నీళ్ల చిక్కదనం కొడితే, బుడగలు మెల్లగా కదులుతున్నాయి కాబట్టి పెద్దవి అనుకుంటుంది అది. 25 శాతం ఇథనాల్ ఉంటే తేడా చిన్నది కాదు. అలాగే డీఎల్‌ఎస్ వెలుగు లెక్క చూస్తుంది, వెలుగు చిమ్మడం వ్యాసానికి ఆరో ఘాతంగా పెరుగుతుంది, అంటే ఒక మైక్రాన్ దుమ్ము ఒక్కటి నీ 100 నానోమీటర్ల బుడగలు పది లక్షలంత అరుస్తుంది. వడకట్టిన అదే బఫర్‌తో పలచన చెయ్యి, మూడుసార్లు చూడు. మెషీన్ కన్నా ముందు కంటితో చూడడం నేర్చుకో. మంచి బ్యాచ్‌ని కిటికీ దగ్గర పట్టుకుంటే పల్చటి నీలం మెరుపు ఉంటుంది, అవతల రాసిన అక్షరం చదవచ్చు. పాలలా తెల్లబడితే అప్పటికే పెద్దవయ్యాయి.

మందు ఎక్కించడం గురించి అడిగావు. ఇప్పుడే వద్దు. ఖాళీ బుడగలు నెల రోజులు నిలబడకుండా మందు ముట్టుకోకు, రెండు తప్పులు కలిసిపోతే ఏది ఎవరిదో తెలియదు. అయినా దారి చెప్పి ఉంచుతాను. నీళ్లలో కరిగే మందుని చిప్పులోనే కలిపి పంపితే బుడగ లోపల చిక్కేది చాలా తక్కువ, ఎక్కువ భాగం బయటే మిగులుతుంది. డాక్సోరుబిసిన్‌కి జెరూసలేం వాళ్లు చేసిన ఉపాయం వేరు. బుడగ కట్టేటప్పుడు బఫర్‌గా 250 మిల్లీమోలార్ అమ్మోనియం సల్ఫేట్ పెడతారు, తర్వాత బయటి సల్ఫేట్ తీసేసి, మందు కలిపి, 60 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచుతారు. మందు తానే పొర దాటి లోపలికి వెళ్లి అక్కడ సల్ఫేట్‌తో పలుకుగా మారి ఇరుక్కుంటుంది, బయటికి రాలేదు. మామూలుగా 90 శాతం పైనే ఎక్కుతుంది. బయటి సల్ఫేట్ సరిగ్గా తియ్యకపోతే మాత్రం ఏమీ ఎక్కదు. ఎక్కిందో లేదో చూడడానికి సెఫాడెక్స్ జెల్ నింపిన గొట్టం (కాలమ్) గుండా పంపి విడి మందు విడదీసి, బుడగని ట్రైటన్ అనే డిటర్జెంట్‌తో పగలగొట్టి కొలువు. డాక్సోరుబిసిన్ క్యాన్సర్ మందు, రెండు జతల గ్లవ్స్, హుడ్ కిందే, మీ ఫ్రెండు హుడ్ లేకుండా సెల్ఫీ తీసుకున్నట్టు తీసుకోకు.

నిలవకి ఫ్రిజ్. 2 నుంచి 8 డిగ్రీలు. గడ్డకట్టించకూడదు, నీటి పలుకులు పొరని కోసేస్తాయి. నేను పనిచేసిన ఒకచోట ఫ్రిజ్ థర్మోస్టాట్ పాడై వెనక వరసలో సీసాలు గడ్డకట్టాయి, ముందు వరస బాగానే ఉంది, ఒకే బ్యాచ్‌కి రెండు రకాల అంకెలు ఎందుకొస్తున్నాయో తెలియక వారం రోజులు ఒకళ్ల మీద ఒకళ్లం అరుచుకున్నాం. నీ సీసాలు ఫ్రీజర్ అరకి ఆనించకు, లోపల ఒక థర్మామీటర్ పెట్టి పొద్దున్నా సాయంత్రం రాసుకో. తిత్లీ తుఫానప్పుడు, 2018 అక్టోబరులో, ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు కదా, అలాంటిది మళ్లీ వస్తే నీ పని పోకుండా ప్రతి బ్యాచ్‌లో ఒక సీసా జనరేటర్ ఉన్న చోట దాచుకో. పీహెచ్ 6.5 దగ్గర ఉంచు, లిపిడ్ విరగడం అక్కడే అతి తక్కువ. డాక్సిల్‌లో హిస్టిడిన్ బఫర్, 10 శాతం చక్కెర ఉంటాయి, నువ్వు కూడా అదే పెట్టు. తర్వాత ఎప్పుడైనా ఆరబెట్టి పొడి చెయ్యాలనుకుంటే ఆ చక్కెర, లేదంటే ట్రెహలోజ్ అనే ఇంకో చక్కెర, ఎలాగూ కావాలి.

పెగ్ 5 శాతం ఉన్నా జీటా (బుడగ పైని ఆవేశం ఎంతో చెప్పే అంకె) సున్నాకి దగ్గరగా వచ్చిందని బెంగపడ్డావు. ఆ 30 మిల్లీవోల్టుల సూత్రం కేవలం ఆవేశం మీద నిలబడే బుడగలకి. పెగ్ ఉన్నవి ఆవేశం వల్ల నిలబడవు, పైన ఉన్న తోకల గుబురు దగ్గరికి రానియ్యదు. దాని గురించి టెన్షన్ ఒగ్గేయ్.

రేపు చిప్పు కొనమని అడగకుండా ఇది చెయ్యి. ఒకే ఖాళీ బ్యాచ్, వేడి సిరంజితో. వచ్చిన దాన్ని రెండు భాగాలు చెయ్యి. ఒకటి వెంటనే బఫర్‌లోకి, అదే రోజు డయాలసిస్. రెండోది పోయినసారి లాగే ఆ ఇథనాల్‌తోనే ఫ్రిజ్‌లో ఒక రాత్రి, మర్నాడు డయాలసిస్. రెండింటికీ 1, 3, 7, 14, 30 రోజుల్లో సైజు చూడు. ఇదే మళ్లీ రెండుసార్లు, వేర్వేరు రోజుల్లో. మొదటి భాగం కూడా పెరిగితే అప్పుడు ట్యూబులో పడ్డ పలుకులు, తూకం చూద్దాం, అప్పటికీ దొరకకపోతే చిప్పుని నేనే తిడతాను.

సిరిమాను మంగళవారానికి ఎలాగూ విజయనగరం వస్తావు. పైడితల్లి దర్శనం అయ్యాక ఇంటికి రా. నోట్‌బుక్ తెచ్చుకో, ల్యాప్‌టాప్ వద్దు, తూకాలు నువ్వు చేత్తో రాసుకున్న పేజీలు నాకు కావాలి. ఒక సీసా కూడా ఐస్ మీద పట్టుకురా, ఐస్‌కి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి. మన వంటింటి కిటికీ వెలుగులో ఇద్దరం చూద్దాం.

మీ అత్త
విజయనగరం